మాను లోపలి గట్లు

కూలిన బీచ్ చెట్టు మొద్దును అడ్డంగా కోసి, కోత ముఖం నున్నగా చేసి, తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే, పాలిపోయిన కొయ్య మీద నల్లని గీతలు తేలతాయి. కొన్ని వెంట్రుకంత సన్నం, కొన్ని పెన్సిలు గీతంత మందం. వంకరలు తిరుగుతూ, ఒకదాన్నొకటి కలుసుకుంటూ, కొయ్యనంతా చిన్నా పెద్దా తునకలుగా విడదీస్తాయి. అదే మొద్దులో బెరడు వైపు చూస్తే ఇంకో రకం హద్దు కనిపిస్తుంది. దాని రంగు గోధుమ, ఒక్కోసారి ఆకుపచ్చ జీర కలిసిన బూడిద. నల్లగీతకున్నంత పదునైన అంచు దానికి ఉండదు, పట్టీలా పరుచుకుని ఉంటుంది. నల్లగీతలు శిలీంధ్రాలు వేసుకున్నవి. గోధుమరంగు పట్టీ చెట్టు వేసుకున్నది. ఈ రెంటినీ వేరుచేసి చదవడం నా వృత్తి.

నేను వేల్స్‌లో చెట్లు తనిఖీ చేసే పనిలో ఉన్నాను. పార్కులు, బడి ఆవరణలు, చర్చి స్మశానాలు, రోడ్డు పక్క సాలుచెట్లు. పెద్ద చెట్టు కింద మనుషులు తిరిగే చోటల్లా నాకు పిలుపు వస్తుంది. సొంతదారు అడిగే ప్రశ్న ఒకటే: ఉంచాలా, కొట్టెయ్యాలా? చెట్టు మొదట్లో పుట్టగొడుగు కనపడగానే చాలామంది కొట్టెయ్యడానికే సిద్ధపడి ఉంటారు. పుట్టగొడుగు వచ్చిందంటే లోపల పుచ్చిందని, పుచ్చిందంటే రేపో మాపో పడుతుందని వాళ్ల లెక్క. మొదటి మాట నిజమే. రెండో మాట చెప్పాలంటే మాత్రం ఆ పుచ్చు ఎక్కడ ఆగిందో, దాన్ని ఎవరు ఆపారో, ఆ హద్దు ఇంకెంతకాలం నిలుస్తుందో తెలియాలి. మానులో సగం డొల్లయిన చెట్టు వందేళ్లు నిలబడవచ్చు. పిడికెడు పుచ్చు తప్పు చోట చేరిన చెట్టు వచ్చే గాలివానకు పడవచ్చు.

చెక్క గురించి నాకు మొదటి పాఠాలు రాజమండ్రిలో మా మావయ్య కలప అడితిలో దొరికాయి. వేసవి సెలవులన్నీ అక్కడే గడిచేవి. టేకు దుంగ దిగగానే మేస్త్రి గొడ్డలి తిరగేసి దాని కొసన కొట్టి, చెవి ఆనించి, లోపల గుల్ల ఉందో లేదో చెప్పేవాడు. చేవ ఎంత, తెల్లచెక్క ఎంత అన్నది కోత ముఖం చూడగానే తేల్చేసేవాడు. "తెల్లచెక్క కలిసిందంటే ఆ గుమ్మం చెద పాలే బాబూ" అనేవాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. దాని వెనక కారణం వృక్షశాస్త్రం చదివాక తెలిసింది. టేకు చెట్టు తన లోపలి కొయ్యను విడిచిపెట్టే ముందు నీటి నాళాలను పక్క కణాలు ఉబ్బి పొడుచుకొచ్చిన బుడగలతో మూసేస్తుంది. ఆ కణాల్లో మిగిలిన పిండిపదార్థాన్ని టెక్టోక్వినోన్ వంటి రసాయనాలుగా మార్చి కొయ్యకు పట్టిస్తుంది. ఆ తర్వాత ఆ కణాలు చచ్చిపోతాయి. అదే చేవ. అందులో ప్రాణం లేదు, దెబ్బ తగిలితే కొత్తగా చేసేదేమీ లేదు, చివరిసారి దాచిపెట్టిన మందు మాత్రం ఉంటుంది. ఆ మందు చెదకూ శిలీంధ్రాలకూ గిట్టదు కాబట్టే టేకు తలుపులు తరాలు నిలుస్తాయి.

బయటివైపు ఉండే తెల్లచెక్క సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అందులో దాచిన మందేమీ లేదు. అయితే చెట్టు నిలబడి ఉన్నంతకాలం తెల్లచెక్కలో శిలీంధ్రం అడుగు పెట్టడం చాలా కష్టం. ఎందుకంటే అది నీళ్లతో నిండి ఉంటుంది, ప్రాణవాయువు ఆడదు, గాయం తగిలితే వెంటనే స్పందించే జీవకణాలు అందులో ఉంటాయి. చెట్టును నరికి ఆరబెడితే ఈ మూడూ పోతాయి. అడితిలో అందరూ చిన్నచూపు చూసే తెల్లచెక్కే నిలబడిన చెట్టుకు చురుకైన కాపలా. ఏగిస మానుకు గాటు పడితే ఎర్రగా కారే జిగురు, ఏజెన్సీలో గిరిజనులు తపసి మాను నుంచి సేకరించే జిగురు, ఇవన్నీ బతికున్న కణాలు గాయానికి చెప్పే జవాబులే. ఆ జిగురు కోసం లోతుగా, మితిమీరి చెక్కితే చెట్టుకు జవాబు చెప్పే శక్తి ఉడిగిపోతుంది.

పుచ్చుకు శిలీంధ్రాలే కారణమని 1870ల్లో జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ హార్టిగ్ చూపించాడు. అంతకుముందు పుచ్చిన కొయ్యలోంచే శిలీంధ్రం పుడుతుందని నమ్మేవారు. నా వృత్తికి అసలు పునాది వేసింది మాత్రం అమెరికా అటవీ శాఖలో 1959లో చేరిన అలెక్స్ షైగో. మోసుకెళ్లగలిగే మోటారు రంపాలు అప్పటికి చేతికి వచ్చాయి. అంతవరకూ పుచ్చును చదివేవాళ్లు దుంగను ఎక్కువగా అడ్డంగానే కోసి చూసేవారు. షైగో రంపంతో మానును నిలువునా చీల్చాడు. అలా వేలకొద్దీ చెట్లు. అడ్డకోతలో మచ్చగా కనిపించేది నిలువుకోతలో పై నుంచి కిందికి సాగిన స్తంభంగా కనిపించింది. ఆ స్తంభానికి స్పష్టమైన అంచులు ఉన్నాయి. ఒక గాయం తగిలిన ఏడాది చెట్టు ఎంత లావు ఉందో, ఆ గాయం నుంచి పాకిన పుచ్చు సాధారణంగా అంత లావు దగ్గరే ఆగింది. ఆ తర్వాత దశాబ్దాలు పెరిగిన కొయ్య దాని చుట్టూ శుభ్రంగా ఉంది.

చూసిన ఈ సంగతినే ఆయన 1977లో హెరాల్డ్ మార్క్స్‌తో కలిసి నాలుగు గోడల నమూనాగా ప్రచురించాడు. మొదటి గోడ నాళాలను పైకీ కిందికీ పూడ్చేది. చెట్టు నీళ్లు మోసే దారే అది కాబట్టి అన్నింటిలోకీ బలహీనం. పుచ్చు నిలువునా దూరం పోవడానికి కారణం అదే. రెండోది ఏటి వలయం చివర గట్టిపడిన కొయ్య, పుచ్చు మానుబొద్దె మధ్యకు పోకుండా అడ్డుపడేది. మూడోది మధ్య నుంచి బెరడుకు సాగే కణాల వరసలు, పుచ్చు పక్కలకు తిరగకుండా ఆపేవి. ఈ మూడూ గాయం తగిలే నాటికే ఉన్న కొయ్యలో ఏర్పడతాయి. నాలుగోది వేరు. గాయం తర్వాత బెరడు కింద ఉండే కాంబియం కొత్తగా కట్టే పొర అది. పాత కొయ్యకూ ఇకమీద పెరగబోయే కొయ్యకూ మధ్య నిలుస్తుంది. నాలుగింటిలోకీ అదే గట్టిది. దానికీ ఒక లోపం ఉంది. రసాయనాలపరంగా బలమైనదే గాని, బరువు మోయడంలో బలహీనం. కోత మిల్లులో కొన్ని పలకలు వలయం వెంట పొరలా ఊడి వచ్చేస్తాయి. ఎప్పుడో దశాబ్దాల కిందటి గాయానికి చెట్టు కట్టిన గోడ చాలాసార్లు ఆ చీలికకు దారి తీస్తుంది.

షైగో పదేపదే చెప్పిన మాటను నేను ప్రతి సొంతదారుకూ చెబుతాను. మన ఒంటి మీద గాయమైతే పాడైన చోటే కొత్త కండ వస్తుంది. చెట్టుకు ఆ వీలు లేదు. పాడైన కొయ్యను అది బాగుచేయలేదు. దానికి గోడ కట్టి, దాన్ని వదిలేసి, బయటివైపు కొత్త చెట్టుగా పెరుగుతుంది. గాయం మీద బెరడు మూసుకుని చదునైపోయినా లోపల ఆ గాయం అలాగే ఉంటుంది. మూడు వందల ఏళ్ల ఓక్ చెట్టు అంటే మూడు వందల ఏళ్ల దెబ్బలన్నీ గదులు గదులుగా దాచుకున్న మాను.

అయితే ఈ గోడలు అసలు దేనికోసం? శిలీంధ్రాన్ని ఆపడానికే అన్నారు అమెరికాలో. బ్రిటన్‌లో అలన్ రేనర్, లిన్ బాడీ 1980ల్లో దీన్ని ఇంకో వైపు నుంచి చూశారు. చెట్టుకు ముందున్న ఆపద గాలి చొరబడటం. నాళం తెగితే గాలి దూరి నీటి ధార తెగుతుంది. గోడలు ముందు కాపాడేది ఆ నీటి ధారనే. నీళ్లు నిండిన కొయ్యలో శిలీంధ్రం ఊపిరాడక ఎదగలేదు కాబట్టి, నీటిని కాపాడితే శిలీంధ్రం దానంతటదే ఆగుతుంది. పనిలో ఇన్నేళ్లూ చూసినదాన్ని బట్టి నేను ఈ వైపే మొగ్గుతాను. ఎండు కరువు వచ్చిన ఏడాది తర్వాత బీచ్ చెట్ల మీద బెరడు పొడవాటి పట్టీలుగా చచ్చిపోయి, దాని కింద కొయ్య పుచ్చిపోవడం కనిపిస్తుంది. అక్కడ గాయమేమీ ఉండదు. శిలీంధ్రం అంతకుముందే ఆ కొయ్యలో అణువంతగా నిద్రపోతూ ఉంటుంది. నీటి మట్టం తగ్గిన రోజున లేస్తుంది. కొత్తగా ఎవరూ గోడ దూకి రాలేదు.

ఇక శిలీంధ్రాలు తమలో తాము పడే కొట్లాట. నన్ను ఈ వృత్తిలో నిలబెట్టింది ఇదే, అందుకే దీని గురించి ఎక్కువ చెబుతాను.

ఒక మొద్దును ఒకే శిలీంధ్రం పట్టిందని బయటినుంచి చూసి అనుకుంటాం. దాని మీద ఒకే రకం పుట్టగొడుగులు, వరసలు వరసలుగా. ఇక్కడ అడవుల్లో ఎక్కడ చూసినా కనిపించే ట్రామెటీస్ వెర్సికలర్ అలాంటిది. గోధుమ, నీలి, బూడిద రంగుల వలయాలతో పలుచని చెవుల్లా మొద్దు నిండా వస్తుంది. 1970ల్లో అదే రేనర్, టాడ్ అనే ఇంకొకరు కలిసి ఈ మొద్దులను పొరలు పొరలుగా కోసి, ప్రతి ముక్కలోంచీ శిలీంధ్రాన్ని విడదీసి పెంచి చూశారు. ఒకే మొద్దులో అదే జాతికి చెందిన అనేక వ్యక్తులు ఉన్నాయి. ఒక్కొక్కటి వేర్వేరు బీజం నుంచి మొలిచి, తన వంతు కొయ్యను పట్టుకుని కూర్చుంది. ఒకే జాతి అయినా కలిసిపోలేదు. రెండింటి పోగులు కలిసిన చోట కణాలు చచ్చిపోయాయి, మధ్యలో నల్లహద్దు లేచింది. పుట్టగొడుగుల రంగుల తేడాలు కూడా ఆ హద్దుల ప్రకారమే ఉన్నాయి. మొద్దు మీద నీలి గుంపు ఒక వ్యక్తి, పక్కన గోధుమ గుంపు ఇంకో వ్యక్తి. దీన్ని చదివాక అడవిలో ఏ మొద్దునూ మామూలుగా దాటిపోలేకపోయాను.

పొలాల మధ్య గట్టు ఇద్దరికీ ఉమ్మడి. ఇక్కడ అలా కాదు. చాలా మొద్దుల్లో ఇద్దరూ చెరో గట్టు వేసుకుంటారు, ఆ రెండు నల్లగీతల మధ్య ఎవరూ తినని సన్నని కొయ్య పట్టీ మిగులుతుంది. గోరుతో గీరితే ఇరువైపులా కొయ్య మెత్తగా రాలుతుంది, మధ్య పట్టీ మాత్రం గట్టిగా ఉంటుంది. ఇంకో సంగతి, మనం చూసే గీత నిజానికి గీత కాదు. మొద్దులో నిలువుగా, చుట్టూ తిరిగి లేచిన పలుచని పలక అది. రంపం దాన్ని అడ్డంగా కోసింది కాబట్టి మనకు గీతగా కనిపిస్తోంది. శిలీంధ్ర పోగులు కొయ్య కణాల్లో ఉబ్బి, కిక్కిరిసి, మెలనిన్ అనే నల్లని పదార్థం పట్టించుకుని ఆ పలక కడతాయి. లోపలి తేమ బయటికి పోకుండా, బయటివాడు లోపలికి రాకుండా అది కాస్తుంది. అంగుళం కింద మళ్లీ కోస్తే గీత కాస్త జరిగి ఉంటుంది. వరసగా కోసుకుంటూ పోతే ఒక్కొక్కరి రాజ్యం ఎంత పొడుగో, ఎక్కడ సన్నబడి ముగిసిందో తెలుస్తుంది.

ప్రయోగశాలలో గాజు పళ్లెంలో రెండు శిలీంధ్రాలను ఎదురెదురుగా పెంచితే ఈ కొట్లాట కళ్ల ముందే జరుగుతుంది. కొన్ని దూరం నుంచే ఆవిరి రూపంలో రసాయనాలు వదిలి ఎదుటివాడి ఎదుగుదల తగ్గిస్తాయి. కొన్ని తాకిన తర్వాతే మొదలుపెడతాయి. తాకిన చోట పోగులు దట్టమై తెల్లని దిమ్మ లేస్తుంది, గోధుమరంగు ఊరుతుంది, పసుపు చుక్కలు చెమర్చుతాయి. చివరికి రెండింటిలో ఒకటి జరుగుతుంది: ఇద్దరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోతారు, లేదా ఒకరు రెండోవారి మీదుగా పాకి ఆ చోటంతా ఆక్రమిస్తారు. కార్డిఫ్‌లో లిన్ బాడీ బృందం దశాబ్దాలుగా ఈ పోటీలను బీచ్ చెక్క దిమ్మెల్లో నడిపించి చూస్తోంది. గెలుపు ఎప్పుడూ ఒకరి సొత్తు కాదు. మొదటిది రెండోదాన్ని ఓడిస్తుంది, రెండోది మూడోదాన్ని ఓడిస్తుంది, మూడోది వచ్చి మొదటిదాన్నే ఓడించేస్తుంది. చేతిలో ఉన్న కొయ్య పెద్దదైతే చిన్నవాడు కూడా నిలదొక్కుకుంటాడు. వేడి పెరిగితే, తేమ మారితే, కుళ్లు చెక్కలో తిరిగే చిన్న పురుగులు ఒకరి పోగులను మేసేస్తే ఫలితం తారుమారు అవుతుంది. బలమైన శిలీంధ్రాన్ని పురుగులు మేయబట్టే బలహీనమైనవి అడవిలో మిగిలి ఉంటున్నాయి. ఒకే నేల మీద ఇన్ని రకాలు కలిసి బతకడానికి ఇదొక కారణం.

ఇంతకీ తనిఖీదారుకు ఇదంతా ఎందుకంటే, ఏ శిలీంధ్రం ఏ హద్దును దాటగలదో తెలిస్తేనే నా నివేదికలో ఒక వాక్యం రాయగలను. గానోడెర్మాలో కొన్ని జాతులు బీచ్ మొదట్లో ఉన్నప్పుడు చెట్టు వేసుకున్న పట్టీ దగ్గర ఆగి, ఏళ్లకేళ్లు మెల్లగా తోసుకుంటూ ఉంటాయి. చెట్టుకు బయట కొత్త కొయ్య వేసుకునే వ్యవధి దొరుకుతుంది. ఈ ఊళ్లలో నన్ను భయపెట్టేది క్రెట్జ్‌మేరియా డ్యూస్టా. దీని పుట్టగొడుగు పుట్టగొడుగులా ఉండదు. చెట్టు మొదట్లో వేళ్ల మధ్య సందుల్లో నల్లగా, పెళుసుగా, కాలిపోయిన పెచ్చులా ఉంటుంది. ఎవరో మంట వేశారనుకుని చూసినవాళ్లు దాటిపోతారు. వసంతంలో వచ్చే కొత్త పొర బూడిదరంగులో, తెల్లని అంచుతో ఉంటుంది. అప్పుడు వెతకాలి.

బీచ్ చెట్టుకు టేకులా చేవ కట్టదు. లోపలి కొయ్యకు దాచిన మందు లేదు. కాబట్టి దాని రక్షణంతా బతికున్న కణాలు వేసే ఆ గోధుమ పట్టీ మీదే ఆధారపడి ఉంటుంది. ఆ పట్టీలో నాళాలు బుడగలతో మూసుకుని, చేదు ఫీనాల్ పదార్థాలతో నిండి ఉంటాయి. చాలా శిలీంధ్రాలు నాళాల బోలులోంచే నడవాలి కాబట్టి అక్కడ ఆగిపోతాయి. క్రెట్జ్‌మేరియా ఆ బోలులోకి పోదు. కణం గోడ మందంలోనే సన్నని సొరంగాలు తవ్వుకుంటూ, మందు నిండిన గదిలో కాలు పెట్టకుండా, గోడల వెంటే అవతలికి చేరుతుంది. ఫ్రాన్సిస్ ష్వార్జ్ అనే శాస్త్రవేత్త సూక్ష్మదర్శినిలో ఈ దారిని బయటపెట్టాడు. ఆ ఫొటోలు మొదటిసారి చూసినప్పుడు నాకు చాలా సంగతులు ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఈ శిలీంధ్రం పట్టిన చెట్టుకు చాలాకాలం ఆకు పలచబడదు, కొమ్మ ఎండదు. సుత్తితో కొడితే శబ్దం కూడా పెద్దగా మారదు. గుల్ల ఏర్పడకముందే కొయ్య పెళుసైపోతుంది. విరిగినప్పుడు నార సాగదు, పింగాణీ విరిగినట్టు ఒక్కసారిగా విరుగుతుంది.

ఒక పార్కులో పిల్లల ఆటస్థలం పక్కన అలాంటి బీచ్ ఒకటి ఉండేది. ఆకు దట్టంగా, ఆరోగ్యంగా ఉంది. కొట్టెయ్యమని నేను రాసిన నివేదిక చూసి ఆ చుట్టుపక్కలవాళ్లు కోపగించుకున్నారు. వాళ్ల బాధ సహజం, ఆ చెట్టు నీడలో వాళ్లు తరాలుగా కూర్చున్నారు. కోత రోజున చాలామంది వచ్చారు. మొదలు కోయగానే నేల మట్టానికి మానులో మూడొంతులు నల్లగీతలతో నిండి ఉంది. గట్టి కొయ్య ఒక్కవైపే మిగిలింది. కోత ముఖం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ఏ గీత ఎవరిదో ఒక్కొక్కటీ చూపించాను. చెట్టు వేసుకున్న పట్టీ ఒకటి కాదు, ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. శిలీంధ్రం దాటినప్పుడల్లా చెట్టు వెనక్కి తగ్గి ఇంకో గోడ వేసింది.

ఓక్ చెట్ల దగ్గరికి వెళితే మనసు తేలికపడుతుంది. ఓక్ చేవలో టానిన్లు చాలా ఎక్కువ కాబట్టి, అందులో బతకగలిగే శిలీంధ్రాలు తక్కువ. ఫిస్టులినా హెపాటికా అనే ఎర్రని, మాంసం ముక్కలా ఉండే శిలీంధ్రం వాటిలో ఒకటి. పోటీదారులు రాలేని చోట ఒంటరిగా, నింపాదిగా బతుకుతుంది. కొయ్యను ముదురు గోధుమరంగుకు తిప్పుతుంది. ఆ రంగు కొయ్యకు ఇక్కడ బల్లలూ బీరువాలూ చేసేవాళ్లు ఎక్కువ ధర ఇస్తారు. చెట్టు మధ్య మెల్లగా డొల్లవుతుంది, బయటి తెల్లచెక్క ఏటేటా కొత్త వలయం వేసుకుంటుంది. ఈ ఒప్పందం శతాబ్దాలు సాగుతుంది. ఆ తొర్రల్లో గుడ్లగూబలు, గబ్బిలాలు ఉంటాయి. బ్రిటన్‌లో చట్టం ప్రకారం గబ్బిలాలు నివసించే తొర్రను పాడుచేయడం నేరం. తొర్ర పట్టిన ఓక్‌ను కొట్టెయ్యాలని ఎవరైనా అడిగితే నేను చాలాసార్లు కాదనే రాస్తాను. జర్మనీ శాస్త్రవేత్త క్లాజ్ మట్టెక్ నిలబడినవీ విరిగినవీ డొల్ల చెట్లను కొలిచి, గట్టి కొయ్య మందం మాను వ్యాసార్ధంలో సుమారు 30 శాతానికి తగ్గితే ప్రమాదం పెరుగుతుందని చెప్పాడు. ఇది గుడ్డిగా వాడే సూత్రం కాదు, తొర్రకు నోరు ఉందా, కొమ్మల బరువు ఎటు ఉంది అన్నవీ చూడాలి. అయినా మానులో చాలా భాగం ఖాళీ అయినా చెట్టు నిలబడగలదన్న ధైర్యం ఆ కొలతల వల్లే వచ్చింది.

శిలీంధ్రాలు చోటు కోసం పడే కొట్లాటను మనిషి వాడుకున్న కథ తూర్పు ఇంగ్లండులోని థెట్‌ఫర్డ్ అడవిది. అక్కడ పైన్ తోటల్లో చెట్లు పలచన చేసినప్పుడల్లా, పచ్చి మోడుల మీద హెటెరోబాసిడియాన్ అనే శిలీంధ్రపు బీజాలు వాలి, వేళ్లలోకి దిగి, వేరూ వేరూ అంటుకున్న చోట పక్క చెట్లకు పాకి చంపేవి. కేంబ్రిడ్జి శాస్త్రవేత్త జాన్ రిష్‌బెత్ ఒక సంగతి గమనించాడు. ఆ మోడును ముందుగా ఫ్లెబియాప్సిస్ జైగాంటియా అనే ఇంకో శిలీంధ్రం పట్టుకుంటే హెటెరోబాసిడియాన్‌కు చోటు దొరకదు. ఫ్లెబియాప్సిస్ చచ్చిన పైన్ కొయ్యనే తింటుంది, బతికిన చెట్టు జోలికి పోదు. ఆయన 1963లో ప్రచురించిన ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో పైన్ తోటల్లో కోత ముఠాతో పనిచేశాను. చెట్టు పడగానే మోడు మీద బీజాలు కలిపిన నీళ్లు చల్లేవాళ్లం. ఏ మోడూ తప్పిపోకుండా అందులో నీలిరంగు కలిపేవారు. ఎవరు ముందు దిగితే వాళ్లదే చోటు అన్న న్యాయం శిలీంధ్రాలకు ఎంత గట్టిదో ఆ నీలి మోడుల దగ్గర తెలిసింది.

నా సామాన్లు ఎక్కువేమీ కాదు. నైలాను సుత్తి, ఇనుప చువ్వ, బైనాక్యులర్లు. అనుమానం తీరకపోతే మాను చుట్టూ మేకులు తాకించి, శబ్దం ఒక వైపు నుంచి ఇంకో వైపుకు ఎంత వేగంగా పోతుందో కొలిచి లోపలి బొమ్మ గీసే యంత్రం. చిట్టచివరిగా, సన్నని సూదిని కొయ్యలోకి తిప్పుతూ దింపి, అది ఎదుర్కొన్న గట్టిదనాన్ని గ్రాఫుగా గీసే యంత్రం. ఈ సూదిని నేను తప్పనిసరైతేనే తీస్తాను. అది గట్టి కొయ్యలోంచి పుచ్చులోకి పోతే, చెట్టు ఎన్నో ఏళ్లు పెట్టి కట్టుకున్న గోడకు మనమే కన్నం వేసినట్టు. ఆ కన్నం గుండా శిలీంధ్రం ఇవతలికి రావచ్చు. గోడ ఎక్కడుందో తెలుసుకోవడానికి గోడను పొడవడం నాకు ఇష్టం ఉండదు.

ఈమధ్య మా బాబాయి కోనసీమ నుంచి ఫోన్ చేశాడు. పెరట్లో తాతగారు నాటిన మామిడికి తొర్ర పట్టింది.

"ఒరేయ్, మనిషిని పిలిచి లోపల పుచ్చంతా శుభ్రంగా చెక్కించి, సిమెంటు పోయించి, పైన తారు పూయించేద్దామనుకుంటున్నా. ఏమంటావు?"

"వద్దు బాబాయ్, లోపల ముట్టుకోకు. చీమలుంటే ఉండనీ, నీళ్లు నిలిచినా ఫరవాలేదు."

"అలా వదిలేస్తే లోపలంతా తినేస్తుంది కదరా?"

"తినేది ఇప్పటికే చెట్టు వదిలేసిన కొయ్యని. గట్టి కొయ్య తగిలేదాకా చెక్కిస్తే అది కట్టుకున్న గోడ తీసేసినట్టే. అప్పుడు నిజంగా తింటుంది."

ఈ పద్ధతి మన ఊళ్లలోనే కాదు, ఒకప్పుడు యూరప్, అమెరికాల్లోనూ ఉండేది. తొర్రలు తవ్వి కాంక్రీటు నింపడం అక్కడ పెద్ద వృత్తిగా నడిచింది. కొయ్య గాలికి ఊగుతుంది, సిమెంటు ఊగదు. రెండూ రాసుకుని లోపలి గోడ అరిగిపోతుంది, సందులో తేమ చేరుతుంది. తారు, పెయింటు పూస్తే చూడటానికి బాగుంటుందే గాని పుచ్చు ఆగదని షైగో ఏళ్ల తరబడి పరీక్షించి చెప్పాడు. తోటల్లో కొన్ని తెగుళ్లకు ఉద్యాన అధికారులు చెప్పే బోర్డో పేస్టు సంగతి వేరు, దాన్ని వాళ్లు చెప్పినట్టే వాడండి. నేను మాట్లాడేది తొర్రకు వైద్యమని చేసే తారుపూత గురించి.

తెలుగు ఊళ్లలో పెద్ద చెట్లున్న ప్రతివారినీ ఈ నాలుగు సంగతులు గుర్తుంచుకోమని వేడుకుంటున్నాను. తొర్రను చెక్కించకండి, నింపించకండి. కొమ్మ తీయాల్సి వస్తే మానుకు ఆనించి నున్నగా కోయించకండి. కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఉండే మెడ ఉంటుంది, చెట్టు గోడ కట్టుకునేది అక్కడే, కాబట్టి ఆ ఉబ్బుకు బయటగా కోయించండి. జానెడు మోడు వదిలేయడమూ మంచిది కాదు, అది ఎండి శిలీంధ్రానికి దారి అవుతుంది. తీగలకు అడ్డమని ఏటా తల నరికేసే బదులు, చెట్టు చిన్నగా ఉన్నప్పుడే కొమ్మలు దారి మళ్లేలా కోయిస్తే గాయాలు చిన్నవిగా ఉంటాయి, చెట్టు వాటిని సులువుగా మూసుకుంటుంది. మొదట్లో పుట్టగొడుగు కనిపిస్తే దాన్ని తన్ని పారేయకండి. ఫొటో తీసి, ఏ వైపున, ఏ నెలలో వచ్చిందో రాసిపెట్టి, దగ్గర్లో వృక్షశాస్త్రం చెప్పే కాలేజీలో గాని అటవీ శాఖలో గాని చూపించండి. అది ఏ శిలీంధ్రమో తెలియకుండా చెట్టును ఉంచమనీ కొట్టమనీ ఎవరూ చెప్పలేరు, నేను కూడా చెప్పలేను.